స్తంభాల రేవులో దొరికిన మనిషి

సెప్టెంబరు 27

నా దస్తూరీ బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఎప్పుడైనా ఎవరైనా చదివితే ఏమీ అనుకోవద్దు. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. తర్వాత పెన్ను పట్టింది నా ఫోటోల కొట్లో కవర్ల మీద పేర్లు రాయడానికే. ఈ డైరీ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల షావుకారు వీరవెంకటరమణ గారు ఇచ్చింది. ఏటా జనవరిలో ఇస్తారు. ఏటా ఖాళీగానే ఉండిపోతుంది.

నోటితో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అందుకని రాస్తున్నాను.

మంగళవారం పొద్దు గూకే వేళ మా అబ్బాయి జాకబు స్తంభాల రేవు దగ్గర చప్టా దాటుతూ వరదలో కొట్టుకుపోయాడు. అవతలి లంకలో చేపల చెరువు మీద మోటారు ఆగిపోయిందని ఫోను వస్తే వెళ్ళాడు. మోటార్లు బాగుచేయడమే వాడి పని. బండి దొరికింది. వాడు దొరకలేదు.

ఇంక ఇవాళ రాయలేను.

సెప్టెంబరు 28

వెతికారు. లేదు.

సెప్టెంబరు 30

మరపడవల మీద వెతకడానికి వచ్చినవాళ్ళు నిన్న వెళ్ళిపోయారు. ఇంకా చాలా ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయట. వాళ్ళ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "నీళ్ళు తీస్తే అదే తేలుతుందండీ" అన్నాడు. మొన్నటిదాకా అబ్బాయి అనేవాడు. నిన్న అది అన్నాడు.

పొద్దున్నే కెమెరా తీసుకుని రేవుకి వెళ్ళాను. మా ఆవిడ సూరమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. ఏటా ఆశ్వయుజం వచ్చిందంటే నేను రేవుకి వెళ్ళేదే. షావుకారు గారి క్యాలెండరు మీద వచ్చే రేవు బొమ్మలన్నీ నేను తీసినవే. రెల్లు పూసేసింది. ఇప్పుడు తియ్యకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

దొరల కాలంలో ఆ ఇటుక స్తంభాలకి ఇనపతాడు కట్టి బల్లకట్టు లాగేవారని మా తాత చెప్పేవాడు. ఏలూరు నుంచి బందరు వైపు పోయే ఎడ్లబళ్ళు దాని మీదే దాటేవట. ఇప్పుడు బల్లకట్టూ లేదు, బళ్ళూ లేవు. పక్కన చప్టా వేశారు. స్తంభాలు మాత్రం నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఒకటి ఒరిగిపోయింది. ఈ రోజుల్లో ఆ ఒరిగిన దాని వెనక నుంచే సూర్యుడు లేస్తాడు. మంచు పచ్చగా అవుతుంది. దానికోసం ఏలూరు నుంచి కుర్రాళ్ళు పెద్ద కెమెరాలు వేసుకుని వచ్చేవారు. ఈ ఏడు ఒక్కరూ రాలేదు.

వరదకి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క అంతా స్తంభాలకి అడ్డం పడి ఆగిపోయింది. పొలమంత ఉంది. దాని కిందకి ఏమీ కనపడదు.

ఫోటోలు బాగా వచ్చాయి.

అక్టోబరు 2

నిన్నటి బొమ్మనీ ఇవాళ్టి బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూశాను, వెలుతురు తేడా తెలుస్తుందని. డెక్క కొంచెం ఎడమకి జరిగింది. మధ్యలో ఒకచోట కాకులు వాలి ఉన్నాయి.

వెలుతురు కోసమే చూశాను.

అక్టోబరు 3

చేపలు పట్టే బుల్లిరాజు రోజూ దోనె వేసుకుని వస్తున్నాడు. వలలకి దారి చేసుకోవాలని గెడతో డెక్క తోస్తున్నాడు. ఈ నీళ్ళలో వల ఎవరు వేస్తారు? నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఇవాళ దోనెలోంచే అరిచాడు. "ఏంటి బాబాయి గారూ, రోజూ ఆ స్తంభాన్నే తీస్తారు? అదేమన్నా నడిచెళ్ళిపోద్దా ఏంటి?"

నవ్వు రాలేదు. అతను కూడా నవ్వలేదు.

"మా ఆవిడ టీ పంపిందండి. చల్లారకముందు తాగండి. మీరు తాగకపోతే నన్ను తిడతాది" అని గట్టుకి వచ్చి ఫ్లాస్కు ఇచ్చి పోయాడు.

అక్టోబరు 5

షావుకారు గారు ఫోను చేశారు.

"ఏవండీ కృపానందం గారూ, అబ్బాయి సంగతి ఆలస్యంగా తెలిసిందండీ. మా ఆవిడ సీతామహాలక్ష్మి ఆ పూట అన్నం ముట్టలేదండీ. క్యాలెండరు ఊసు మర్చిపోండి. ఈ ఏటికి ఏదో దేవుడి బొమ్మ వేయించేస్తాను."

"తీస్తున్నానండి" అన్నాను.

"ఇప్పుడెందుకండీ ఆ తిప్పలు?"

"రెల్లు బాగా పూసిందండి."

తర్వాత "అలాగేనండీ" అన్నారు. ఆయన ఏం అనుకున్నారో.

సాయంత్రం పాస్టరు బెంజమిన్ అయ్యగారు వచ్చారు. జాకబు ఫోటో పెద్దది చేయిస్తే గుడిలో ఆదరణ కూడిక పెడదామన్నారు. సూరమ్మ అప్పటిదాకా గోడకి తిరిగి పడుకుని ఉంది. లేచి కూర్చుంది.

"పెట్టె లేకుండా కూడికేంటి అయ్యగారూ? నవంబరు రెండున సమాధుల పండక్కి ఊరంతా తోటకి పోయి సున్నాలు వేసుకుంటారు, కొవ్వొత్తులు పెట్టుకుంటారు. నేనెక్కడ పెట్టను? ఆ చప్టా మీద పెట్టనా? లారీలు తొక్కుతాయి."

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. కోడలు శాలిని వంటింట్లోంచి రాలేదు.

సూరమ్మ నాతో, "ఏమైనా చెయ్యండి. మట్టి కావాలి నాకు. వాడి మీద వెయ్యడానికి ఇంత మట్టి" అంది.

అక్టోబరు 9

దొరికింది.

తెల్లవారుతూ మంచు పట్టింది. గాలి లేదు. రెల్లు కదలడం లేదు. ఒరిగిన స్తంభం వెనక వెలుగు వచ్చింది. బుల్లిరాజు దోనె సరిగ్గా స్తంభాల మధ్యకి వచ్చింది. అతను గెడ దించాడు. దించినవాడు దించినట్టే ఆగిపోయాడు. అప్పుడే నొక్కాను. ఇన్నేళ్ళలో అంత మంచి బొమ్మ నాకు రాలేదు.

తర్వాత అతను వెనక్కి తిరక్కుండానే, "బాబాయి గారూ, మీరు అక్కడే ఉండండి" అన్నాడు.

కానిస్టేబులు పాపారావు వచ్చాడు. చెరువుల్లో, కాలవల్లో శవం దొరికితే స్టేషను వాళ్ళకి ఫోటోలు తీసేది నేనే. చాలా ఏళ్ళుగా నేనే.

"కృపానందం గారూ, మీరు వద్దండి. ఏలూరు నుంచి ఎవరినో ఒకరిని రప్పిస్తాను" అన్నాడు.

"నేను తీస్తానండి" అన్నాను.

ముందు మొహం, తర్వాత ఒళ్ళంతా, తర్వాత గుర్తులు. అదీ వరస. మొహం లేదు. చేపలు ఉంచలేదు. చొక్కా పోయింది. నల్ల ప్యాంటు ఉంది. ఆ రోజు జాకబు వేసుకున్నది కూడా నల్లదే. పొడవు సరిపోయింది.

సూరమ్మనీ శాలినినీ ఎవరో ఆటోలో తీసుకొచ్చారు. పాపారావు పైన గుడ్డ కప్పి కాళ్ళు మాత్రం చూపించాడు. శాలిని దగ్గరకి రాలేకపోయింది. సూరమ్మ వెళ్ళి పాదం పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"మావాడే. మా జాకబే. వచ్చేశావా నాన్నా" అంది.

పాపారావు నన్ను అడిగాడు. "ఏమంటారండీ?"

అందరూ నా వైపు చూశారు. తల ఊపాననుకుంటాను.

అక్టోబరు 10

పోస్టుమార్టం అయ్యాక ఏలూరు నుంచి మధ్యాహ్నానికి తెచ్చారు. పెట్టెకి మేకులు కొట్టేశారు. తెరవొద్దన్నారు.

మా వాళ్ళలో పెట్టె చుట్టూ ఇంటివాళ్ళు నిలబడి ఫోటో తీయించుకోవడం ఆనవాయితీ. అది లేకపోతే సాగనంపినట్టు కాదు. ఈ పేటలో ఏ ఇంట్లో ఆ ఫోటో చూసినా నేను తీసిందే. వాకిట్లో పెట్టె పెట్టారు. సూరమ్మ తలవైపు నిలబడింది. చుట్టాలు సర్దుకున్నారు.

శాలిని పిలిచింది. "మీరూ రండి మావయ్య గారూ. ఇవాళైనా మీరు ఫోటోలో ఉండాలి."

"ఎవరో ఒకరు తియ్యాలి కదమ్మా" అన్నాను.

"నేను తీస్తాను బాబాయి గారూ, ఎక్కడ నొక్కాలో చూపించండి" అని బుల్లిరాజు ముందుకి వచ్చాడు. ఇవ్వలేదు. కెమెరా వెనకే ఉండిపోయాను.

అయ్యగారు భూస్థాపన చేయించారు. సూరమ్మ మట్టి వేసింది. అందరూ వెళ్ళిపోయినా ఇంకా వేస్తూనే ఉంది.

అక్టోబరు 11

సూరమ్మ అన్నం తింది.

అక్టోబరు 13

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

ఆ మనిషి నడుముకి మొలతాడు ఉంది. నల్ల మొలతాడు, దానికి రాగి తాయెత్తు. మా ఇంట్లో మొలతాడు కట్టం. మా నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజున తెంపి కాలవలో పారేశాడు. నాకు కట్టలేదు, నేను జాకబుకి కట్టలేదు. పాపారావు కూడా దాన్ని చూశాడు. మగవాడికి మొలతాడు ఉండడం అతనికి వింత కాదు. తన నడుముకీ ఉంటుంది. అందుకని అతని కంట్లో పడలేదు. నాకు అది తప్ప ఇంకేమీ కనపడలేదు.

గుర్తుల ఫోటో తీశాను. స్టేషనుకి ఇచ్చిన వాటిలో అది పెట్టలేదు. మసకగా వచ్చింది, అందుకని.

మసకగా రాలేదు.

అక్టోబరు 14

జాకబుకి స్నేహితులు ఎక్కువ. చెరువుల మీద రాత్రీ పగలూ అందరితో కలిసి తినేవాడు, తిరిగేవాడు. వాళ్ళలో ఎవరైనా కట్టి ఉండొచ్చు. దిష్టికని కట్టి ఉండొచ్చు. వయసొచ్చిన కొడుకు నడుముకి ఏముందో తండ్రికి ఏం తెలుస్తుంది?

అక్టోబరు 15

శాలినిని అడిగాను. బట్టలు మడత పెడుతోంది.

"అమ్మా, జాకబు ఒంటి మీద తాయెత్తు లాంటిది ఏమైనా కట్టుకునేవాడా?"

"ఆయనా? వాచీ పెట్టుకుంటేనే దురదొస్తుందని తీసి పారేసేవారు మావయ్య గారూ. పెళ్ళి ఉంగరం కూడా డబ్బాలోనే ఉంది." కాస్త ఆగి, "ఎందుకండీ?" అంది.

"ఏం లేదమ్మా."

అక్టోబరు 18

రేవుకి వెళుతుంటే సూరమ్మ అడ్డం వచ్చింది.

"దొరికాడు కదండీ. ఇంకా ఆ నీళ్ళ దగ్గర మీకేం పని?"

"క్యాలెండరు."

"పాడు క్యాలెండరు."

వెళ్ళాను. బుల్లిరాజు లేడు. ఇప్పుడు అతనికి రావలసిన పని లేదు కదా. డెక్క సగం అలాగే ఉంది. గూడబాతులు దిగాయి. బొమ్మలు తీసుకుని ఇంటికి వచ్చి నిన్నటి వాటి పక్కన పెట్టి చూశాను. డెక్క ఎటూ జరగలేదు.

అక్టోబరు 21

షావుకారు గారు పలకరించడానికి కారులో వచ్చారు. సూరమ్మకి పళ్ళు ఇచ్చి, కళ్ళు తుడుచుకుని, నాతో కొట్లోకి వచ్చి కూర్చున్నారు. మంచి మనిషి. మాట ఆగదు. నేను మాట్లాడకపోయినా ఇద్దరి వంతూ ఆయనే మాట్లాడతారు.

ఈ ఏటి బొమ్మలు చూపించమన్నారు. కంప్యూటరులో ఒక్కొక్కటీ తిప్పాను. తొమ్మిదో తారీకు బొమ్మ రాగానే ఆపమన్నారు.

"అబ్బ! ఏవండీ, ఏం బొమ్మండీ ఇది! ఆ మంచేంటి, ఆ దోనేంటి. అతను చూడండి, గెడ వేసి ధ్యానంలో ఉన్నట్టు ఎలా నిలబడ్డాడో. ఎంత ప్రశాంతంగా ఉందండీ! ఇదే అట్ట మీద వేయిద్దాం."

"అది వద్దండి."

"ఎందుకండీ? మీకు మీ పని విలువ తెలీదు. ఉల్లిపాయల కొట్టులో ఇది తగిలిస్తే బేరానికి వచ్చినవాడు రేటు అడగడం మర్చిపోతాడు."

"వద్దండి."

ఆయన నా మొహం చూశారు. ఏం అర్థమైందో, మెల్లిగా కుర్చీ వెనక్కి జరుపుకుని, "సరేనండీ. రెల్లుపూల బొమ్మ ఏదైనా మీరే ఇవ్వండి" అన్నారు. వెళ్ళేటప్పుడు గోడ మీది పాత క్యాలెండరు వైపు చూడలేదు.

అక్టోబరు 24

కొట్టుకి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. కూడా మరిది ఉన్నాడు, నాగేశ్వరరావట. కామవరపుకోట దగ్గర ఊరు. ఆమె పేరు నాగవల్లి.

"ఈ చుట్టుపక్కల పోయినవాళ్ళకి ఫోటోలు మీరే తీస్తారని బస్టాండులో చెప్పారండి" అంది.

"అవునమ్మా, కూర్చోండి."

కూర్చోలేదు. ఫోనులో భర్త ఫోటో చూపించింది. రాజకుమార్. పామాయిలు గెలల ట్రాక్టరు మీద పనికి పోయేవాడట. అదే మంగళవారం తమ్మిలేరు పొంగినప్పుడు దాటుతూ కొట్టుకుపోయాడు. తమ్మిలేరు నీళ్ళన్నీ మా కొల్లేట్లోకే వస్తాయి కదా, అందుకని ఊరూరా అడుగుతూ దిగువకి వస్తున్నారు.

"నల్ల ప్యాంటండి. మొలతాడుకి రాగి తాయెత్తు ఉంటాదండి. నేనే కట్టించాను. అలాంటి మనిషిని ఎవరినైనా చూశారా అండి?"

ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. నేను బల్ల వైపు చూశాను.

"చూడలేదమ్మా."

మరిది ఆమెతో అన్నాడు. "వదినా, తిరిగింది చాలు. పెద్దోళ్ళు చెప్పినట్టు దర్భలతో బొమ్మ చేసి కార్యం కానిచ్చేద్దాం." నా వైపు తిరిగి, "మా మాట వినట్లేదండీ ఈవిడ. బొట్టు తియ్యనంటాది" అన్నాడు.

"చూడకుండా ఎలా తీస్తాను? రేపు ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడితే? ఏంటే, నన్ను అప్పుడే చంపేశావా అంటే ఏం చెప్పను? నువ్వు చెబుతావా?"

అతను తల దించుకున్నాడు.

ఆమె గోడ మీద బొమ్మలు చూసింది. స్తంభాలు, రెల్లు, ఎండ పడ్డ నీళ్ళు. చాలాసేపు చూసింది.

"ఇవేనా అండి ఆ నీళ్ళు?"

"ఇవేనమ్మా."

"ఇంత బాగుంటాయా" అంది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మొన్న రేవులో ఒకళ్ళు దొరికారటండి?"

"మా అబ్బాయమ్మా" అన్నాను.

ఆమె వెనక్కి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో బాబాయి గారూ, మీరే ఇంత కష్టంలో ఉంటే నేనొచ్చి నా గోల చెబుతున్నానా? క్షమించండి. దొరికాడు కదండీ, అదే పదివేలు. మీరు అదృష్టవంతులండి" అంది.

ఫోను నంబరు రాసిచ్చి వెళ్ళింది.

అక్టోబరు 25

నేను చెప్పకపోతే ఆమె బొట్టు నిలుస్తుంది. చెబితే పోతుంది. చెప్పకపోవడమే ఆమెకి మంచిది.

అక్టోబరు 26

మంచిదే.

అక్టోబరు 28

మధ్యాహ్నం సూరమ్మ సమాధుల తోటకి వెళ్ళాక ఆ నంబరుకి ఫోను చేశాను. నా నోరు సంగతి తెలిసి కూడా చేశాను.

"ఎవరండీ?" అంది.

మాట రాలేదు. పెట్టేశాను. కొంచెం సేపు ఆగి మళ్ళీ చేశాను.

"ఎవరండీ? మాట్లాడండి." నేను ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించి ఉంటుంది. ఆమె గొంతు మారిపోయింది. "ఏవండీ, మీరేనా? ఎక్కడున్నారండీ? మీరేనా అండి?"

పెట్టేశాను.

సాయంత్రం దాకా ఆ నంబరు నుంచి ఫోను మోగుతూనే ఉంది.

అక్టోబరు 29

ఇవాళ కూడా మోగింది.

అక్టోబరు 30

సూరమ్మ పెరట్లో బకెట్టులో సున్నం కలుపుతోంది. పండగ దగ్గరికి వచ్చింది కదా. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేను ఊరికే అలా కూర్చునే మనిషిని కాదని దానికి తెలుసు.

"చెప్పండి" అంది.

"ఆ మనిషికి మొలతాడు ఉంది సూరమ్మా."

"ఏ మనిషికి?"

కర్ర తిప్పుతూనే ఉంది. సున్నం అంచు దాటి కింద పడుతోంది. నాగవల్లి వచ్చిన సంగతి చెప్పాను. ఫోను సంగతి చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వు పాదం పట్టుకున్నావు."

కర్ర ఆగిపోయింది. కోడలి ముందర, చుట్టాల ముందర ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఇప్పుడూ ఎత్తలేదు.

"మరి నా బిడ్డ ఏడండీ?"

"నీళ్ళలోనే."

"అందుకేనా మీరు ఇంకా ఆ రేవుకి పోతున్నారు?"

బకెట్టు నా వైపు తోసింది. నా కాళ్ళ మీద పడింది సున్నం.

చాలాసేపటికి, "పండగ కానివ్వండి. ఈ ఒక్క పండగ. నాకు ఒక్క కొవ్వొత్తి పెట్టుకోనివ్వండి. తర్వాత మీ ఇష్టం" అంది.

అన్నం తినలేదు.

నవంబరు 1

పండగ అయ్యాక చెప్పవచ్చు. ఇన్ని రోజులు ఆగింది, ఇంకో రోజు.

ఫోను ఇవాళ మోగలేదు.

నవంబరు 2

ఊరంతా తోటలోనే ఉంది. సమాధులన్నీ తెల్లగా ఉన్నాయి. బంతిపూలు, అగరొత్తులు, పిల్లల అల్లరి. ఏటా లాగానే ప్రతి కుటుంబమూ నన్ను పిలిచి తమ సమాధి దగ్గర ఫోటో తీయించుకుంది. "మా తాత మీద నీడ పడకుండా తియ్యండి కృపానందం గారూ" అని ఒకరు. "అత్తగారి పక్కన నన్ను నిలబెట్టకండి, బతికున్నప్పుడే పడేది కాదు" అని ఒకావిడ. నవ్వులు. ఈ పండగ మా వాళ్ళకి ఏడుపు పండగ కాదు.

జాకబు పేరు రాసిన శిలువ దగ్గర సూరమ్మ కూర్చుంది. శాలిని పూలు పేర్చింది. శాలినికి ఇంకా చెప్పలేదు. అయ్యగారు వచ్చి జాకబు పేరు పెట్టి ప్రార్థన చేశారు. సూరమ్మ ఆమెన్ అనలేదు. నేను గమనించాను.

కొవ్వొత్తి చేతిలోనే ఉంది. వెలిగించలేదు. అందరివీ వెలుగుతున్నాయి. శాలిని అగ్గిపెట్టె ఇవ్వబోతే, "నువ్వు ఇంటికి పద, నేను వస్తాను" అంది.

శాలిని వెళ్ళాక నన్ను పిలిచింది.

"ఆ పిల్ల పేరేంటన్నారు?"

"నాగవల్లి."

"ఇక్కడ కొవ్వొత్తి పెట్టవలసింది ఆ పిల్ల. నేను కాదు. వాళ్ళు పెట్టుకోరేమో. వాళ్ళకి దహనం ఉండాలి. అతన్ని మట్టిలో పెట్టి వాళ్ళకి అదీ లేకుండా చేశాను."

"నువ్వు కాదు."

"ఇద్దరం" అంది.

వంగి ఆ మట్టి మీద చెయ్యి వేసింది. రేవు గట్టు మీద పాదం పట్టుకున్నట్టే పట్టుకుంది. తర్వాత లేచి చీర దులుపుకుంది.

"ఆ పిల్లకి ఉత్తరం రాయండి. ఫోను చెయ్యొద్దు. మళ్ళీ మొగుడే అనుకుంటుంది."

కొవ్వొత్తి ఇంటికి తెచ్చేసింది. అటక మీద పెట్టింది.

నవంబరు 3

పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి పాపారావుకి ఆ ఫోటో ఇచ్చాను. నోటితోనే చెప్పాను. చాలాసేపు పట్టింది. అతను ఫోటో చూసి, తనకి తెలియకుండానే తన నడుము తడుముకున్నాడు. "నేనూ చూశాను కదండీ" అన్నాడు. ఎస్సై గారితో మాట్లాడి, ఆమె చిరునామా కనుక్కుని చెప్పాడు. ముందు స్టేషను నుంచి మనిషిని పంపుతామన్నారు. ఒక్కరోజు ఆగండి, ముందు నా ఉత్తరం వెళ్ళనివ్వండి అని అడిగాను, సరేనన్నారు. శాలినికి సూరమ్మ చెప్పింది. గదిలోంచి ఇంకా రాలేదు.

బుల్లిరాజు ఉత్తరం తీసుకుని బస్సులో వెళతానన్నాడు. చేతికిచ్చి వస్తాడు. సాపు చేసేముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. "మీ ఆయన దొరికాడు" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. అది చదవగానే ఆమె లేచి పరిగెడుతుంది.

అమ్మా నాగవల్లీ,

నేను ఫోటోలు తీసే కృపానందాన్ని. మీరు మా కొట్టుకి వచ్చారు. కూర్చుని చదవండి. పక్కన మీ మరిదిని ఉండమనండి.

మీ ఆయన బతికి లేడు. అక్టోబరు తొమ్మిదిన మా రేవులో దొరికింది ఆయనే. మా అబ్బాయి అని చెప్పి మా సమాధుల తోటలో పెట్టాం. మీరు కట్టించిన తాయెత్తు నేను చూశాను. మీరు వచ్చిన రోజుకే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చూడలేదన్నాను. మీరు నా చేతులు పట్టుకున్నారు, అయినా చెప్పలేదు.

మొన్న ఫోను చేసింది నేను. ఆయన కాదు. ఆ నంబరు కోసం ఎదురు చూడకండి.

ఫోటో ఇందులో పెట్టలేదు. స్టేషనులో ఉంది. మీరు చూస్తానంటే చూపిస్తారు, వద్దంటే మీ మరిది చూస్తే చాలన్నారు. మీ పద్ధతిలో దహనం చేసుకోవడానికి ఆయన్ని మీరు తీసుకువెళ్ళవచ్చు. కాగితాల పని ఉందట. ప్రతిచోటికీ నేను వస్తాను, ఎవరు అడిగినా తప్పు నాదేనని చెబుతాను. పెట్టె గట్టిది. లోతుగానే పెట్టాం. మా ఆవిడ రోజూ వెళ్ళి వస్తోంది. శిలువ మీద మా అబ్బాయి పేరు ఇవాళ చెరిపేశాను. ఏ పేరూ రాయలేదు. మీరు చెప్పకుండా రాయకూడదు.

మీరు తిట్టినా పడతాను. మీ పెద్దలు వచ్చి ఏమన్నా పడతాను. పొద్దుటిపూట కొట్లో ఉండను, రేవు దగ్గర ఉంటాను. డెక్క ఇంకా పూర్తిగా తియ్యలేదు. మా వాడు దాని కిందే ఎక్కడో ఉండాలి.

ఎప్పుడు వస్తారో, లేక ఆయన్ని మమ్మల్నే తీసుకురమ్మంటారో ఒక్క ముక్క రాసి బుల్లిరాజు చేతికి ఇవ్వండి. అతను అక్కడే ఉంటాడు. రాయలేకపోతే ఎవరి చేతనైనా రాయించి పంపండి, కానీ త్వరగా జవాబు ఇవ్వండమ్మా.